ఆది లేని కుట్టు

ఆది లేని పని నాకు జన్మలో ఒక్కసారే వచ్చింది. దాని మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మగవాళ్లయితే నిలబెట్టి టేపుతో కొలుస్తాం. ఆడవాళ్లకు ఆ పద్ధతి లేదు. పెనుకొండ బజారులో అంగడి పెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లలో ఒక్క ఆడమనిషి మీదా నా టేపు పడలేదు. ఒంటికి సరిపోయే పాత రవిక ఒకటి తెచ్చి కొత్త గుడ్డ పక్కన పెడతారు. అదే ఆది. దాన్ని పరిచి, అంచుల వెంబడి సుద్ద గీసి, కత్తిరించి, కుట్టి, పాతదీ కొత్తదీ కలిపి చుట్టి ఇస్తాను. మాట్లాడే పని కూడా ఉండదు. అది నాకు బాగుండేది.

బడిపిల్లల లంగాలూ అంతే. మొదట్లో ఆడపిల్లలు ఇంట్లో ఏది ఉంటే అది కట్టుకుని బడికి పోయేవాళ్లు. తల్లి పాత చీర చింపి కుట్టిన పరికిణీ ఒకరిది, అక్క విడిచిన లంగా ఒకరిది. యాభై ఆరులోనో ఏడులోనో అందరికీ ఒకే బట్ట అన్నారు. నీలం లంగా, తెల్ల రవిక, పెద్ద పిల్లలకు తెల్ల ఓణీ. ఆ జూన్ నెలంతా నా మిషను నీలం దారమే తిన్నది.

వచ్చిన తల్లులందరిదీ ఒకే మాట. "మడతలు పెట్టప్పా. పెరిగే పిల్ల."

లంగా అంచుకు కాస్త పైన గుడ్డను లోపలికి మడిచి నాలుగు వేళ్ల వెడల్పున ఒక మడత, దాని పైన ఇంకొకటి. పిల్ల పొడుగైతే ఒక మడత విప్పుతారు, ఇంకో ఏడాది గడుస్తుంది. విప్పేటప్పుడు గుడ్డ చిరగకూడదు కదా. అందుకని అక్కడ చేతికుట్టు, ఒంటి దారంతో, కొన పట్టి లాగితే ఊడివచ్చేటట్టు వేస్తాం. మా నాయన నేర్పింది అదే. మడత కుట్టు గట్టిగా వేసేవాడికి పని తెలియదు అనేవాడు.

అరవై రెండు నవంబరులో ఒక మధ్యాహ్నం నీలావతి టీచరమ్మ అంగడి మెట్లెక్కి ఒక నీలం లంగా తెచ్చి మిషను మీద పడేసింది. ఆమె ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. బళ్లారి వైపు మనిషి. కొంగు నడుముకు దోపి, మెడలో ఈల వేసుకుని బజారులో నడిచేది. ఆ ఈలను చూసి బజారు నవ్వేది. ఆమె బజారు వైపు చూసేది కాదు.

లంగా నిండా మన్ను. మోకాలి దగ్గర నెత్తురు మరక. కింది మడత సగం ఊడి వేలాడుతోంది.

"ఇది నీ కుట్టేనా?"

"నాదే."

"చౌడక్కది. నిన్న హిందూపురం ఆటల్లో వంద గజాల పందెం ఉరికింది. ఎనభై గజాల దాకా అందరికంటే ముందరుండాది. నీ మడత ఊడింది. కాలి బొటనవేలు దాంట్లో పడింది. పిల్ల బోర్లా పడింది."

లంగాను తిప్పి చూశాను. కుట్టు ఎట్లా ఊడాలో అట్లాగే ఊడింది. నా పనిలో తప్పు లేదు. ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

చౌడక్క ఎవరో నాకు తెలుసు. కొండ వెనక పల్లెలో గొర్రెలు మేపే లింగప్ప కూతురు. ఎనిమిదో తరగతి. తల్లి లేదు, అవ్వ మారక్క పెంచింది. రోజూ పొద్దున మూడు మైళ్లు నడిచి నా అంగడి ముందు నుంచే బడికి పోయేది. నడిచి అనకూడదు. కుడి చేత్తో పుస్తకాల సంచి, ఎడమ చేత్తో లంగా పైకెత్తి పట్టుకుని ఉరికేది.

"పడి లేసి గూడా రెండోదిగా వచ్చింది," అన్నది టీచరమ్మ. "అందుకే ధర్మవరం పందేల్లో పేరుండాది. జనవరిలో. ఆడ గెలిచిన ఒక్క పిల్లనే అనంతపురం తీసకపోతారు. అనంతపురం దాకా పోతే ఆడ హాస్టల్లో చేరుస్తాం అన్నారు. నేను మాట్లాడినా. లేదంటే ఈ ఎండాకాలానికి వాళ్ల నాయన బడి మానిపించి గొర్రెల ఎనక తోలతాడు. నా మొగం మీదనే చెప్పినాడు."

"నేనేం జెయ్యాల?"

"నిక్కరు కుట్టు. రెండు కాళ్లూ ఏరేగా కదలాల."

నేను అడగవలసిన మాట ఒక్కటే. "ఆది?"

"ఆదా? ఈ ఊర్లో ఆడపిల్ల ఎప్పుడన్నా నిక్కరు తొడిగిందా? యాడనుంచి తేవాల ఆది? పిల్లను పిలుస్తా. కొలుచుకో."

"ఆడపిల్ల మీద నేను టేపు పెట్టను."

"ఐతే నీ మడతల్లో పడి సావమను," అని ఆమె లంగాను అక్కడే వదిలేసి దిగిపోయింది.

మరుసటి రోజు మళ్లీ వచ్చింది. పిల్లలు ఎగిరే తాడు ఒకటి తెచ్చింది. దానికి మూడు ముళ్లు వేసి ఉన్నాయి. ఒక ముడి దాకా నడుము, ఒక ముడి దాకా పిర్రలు, ఇంకొకటి నడుము నుంచి మోకాలు.

"నేనే కొలిచినా. నీ మర్యాద నీ దగ్గిర్నే పెట్టుకో. ఇది పట్టు."

తాడును మేకుకు తగిలించాను. రెండు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను. నాకు అందులో మనిషి కనబడలేదు. తాడు సాగుతుంది, ముడి జారుతుంది. ఆడవాళ్ల పనిలో నేను ఏనాడూ మనిషిని చూసి కుట్టలేదు. గుడ్డను చూసి గుడ్డ కుట్టాను. మూడో రోజు దొంగపని చేశాను. పక్కన టీ అంగడి రంగయ్య కొడుకు నిక్కరు చినిగి కుట్టడానికి వచ్చి ఉంది. వాడూ చౌడక్క అంత పొడుగే కదా అనుకున్నాను. దాన్ని పరిచాను. సుద్ద గీశాను. ఆది దొరికిందని ప్రాణం కుదుటపడింది.

వారం తిరక్కముందే టీచరమ్మ ఆ నిక్కరును రెండు ముక్కలుగా పట్టుకుని వచ్చింది. బడి మైదానంలో పరుగుకు వంగిన పిల్ల, పర్రుమని చినిగితే, కూర్చున్న చోటు నుంచి లేవలేదట. టీచరమ్మ తన కొంగు అడ్డం పెట్టి లోపలికి తీసుకుపోయిందట.

"తాడు ప్రకారం కుట్టినావా?"

నేను మిషను మీది దారపు పోగులు ఏరాను.

"ఇది మగపిల్లోనిది. ఎవనిది?"

రంగయ్య తన అంగడి లోంచి తొంగి చూశాడు. "అది మావాని చెడ్డీ మాదిరి ఉండాదే! ఏమబ్బా అంజనప్పా, మావాని కొలతతో ఆడపిల్లకు కుడ్తాండావా? రేపు మావానికి రవిక కుడ్తావేమో చూడు, దసరా వేషాలు దగ్గర్లేవు గాని!"

బజారు వారం రోజులు నవ్వింది.

ఆ తర్వాత తాడు ప్రకారమే కుట్టాను. ఎక్కడ చినుగుతుందో అన్న భయంతో అన్ని పక్కలా వదులు పెట్టాను. గోనెసంచి మాదిరి వచ్చింది. గాలికి ఉబ్బింది. దాన్ని పెద్ద టీచరమ్మ చూసి మోకాలు కనబడకూడదు అన్నది. పొడుగు చేశాను. బడి సంగతులు చూసే పెద్దమనుషుల్లో ఒకాయన చూసి, ఇది పైజామా, మన పిల్లలు పైజామాలు తొడగరు అన్నాడు. విప్పాను. ఇంకొకాయన పైన లంగా కట్టి లోపల ఇది తొడగమన్నాడు. అట్లయితే ఇది ఎందుకని టీచరమ్మ ఆయనతో పోట్లాడింది. ఒకరు పొడుగన్నారు, ఒకరు వెడల్పన్నారు. పరుగెత్తే పిల్లను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నవంబరు పోయింది, డిసెంబరు పోయింది. ఆ నీలం గుడ్డకు కుట్టీ విప్పీ సూది బొక్కలు పడ్డాయి.

ధర్మవరం పందేలు నాలుగు రోజులు ఉన్నాయనగా ఒక ముసలమ్మ గొర్రెల కట్టె పట్టుకుని మెట్ల కింద నిలబడింది.

"ఎవుడ్రా ఈడ అంజనప్ప?"

"నేనే అవ్వా."

"మా ఇంటి పిల్లకు చెడ్డీ కుడ్తాండేది నువ్వేనా? నీ చేతులు పడిపోనూ! కాళ్లు కనబడేటట్టు పదూర్లోళ్ల ముందర ఉరకల్లా మా పిల్ల? మా లింగప్ప సచ్చినా పంపడంట."

మారక్క అని అర్థమైంది. రంగయ్య గ్లాసు కడుగుతూ అందుకున్నాడు. "గట్టిగా అడుగవ్వా! మావాని చెడ్డీ గూడా పాడు జేసినాడు."

"నువ్వు నోర్మూసుకో నీళ్ల టీ నాయాలా! నిన్ను పిలిస్తినా?"

నేను ఆమెను చూశాను. చూడాలని చూడలేదు, కళ్లు కిందికి దించితే కనబడింది. మోటు చీర. కుచ్చిళ్లు కాళ్ల సందు నుంచి వెనక్కి తీసి నడుములో గట్టిగా దోపిన గోచికట్టు. గొర్రెల వెంట తిరిగే ఆడవాళ్లంతా అట్లాగే కడతారు. పిక్కల సగానికే చీర. పిక్కల నిండా కంప గీరిన చారలు.

"అవ్వా," అన్నాను, "నీ కాళ్లు గూడా కనబడ్తాండాయి."

రంగయ్య గ్లాసు కడగడం ఆపాడు. మారక్క కిందికి చూసుకుంది.

"నేను గొర్రెల ఎనక ఉరికేదాన్ని గదప్పా. కుచ్చిళ్లు జారిడ్సుకొని ఉరికితే కంపల్లో పడతా."

"ఆ పిల్లా పడింది గదవ్వా. హిందూపురంలో."

ఆమె పిక్కల మీది చారలు తడుముకుంది. నాకు అప్పుడు తట్టింది. ఇన్ని రోజులు ఆది లేదు, లేదు అని తల పగలగొట్టుకున్నాను. రోజూ బజారులో నా కళ్ల ముందే తిరుగుతూ ఉంది.

"గొర్రె తప్పిపోతే ఎట్ల ఉరుకుతావో రోంత ఉరికి చూపియ్యి అవ్వా."

"నీకేమన్నా పిచ్చా? ఈ వయసులో నాకు పందెం పెడ్తావా?"

అన్నది గానీ, కట్టె భుజానికెత్తి రంగయ్య అంగడి దాకా ఉరికి వెనక్కి వచ్చింది. నేను ఆమెను చూడలేదు, చీరను చూశాను. నిలబడితే ముందు కుచ్చిళ్లు పడి ఒకటే గుడ్డగా ఉంది. మోకాలు ఎత్తితే విచ్చుకుంటోంది. ఎక్కడా లాగడం లేదు.

"కూచో అవ్వా. మళ్లా లెయ్యి."

కూర్చుంది, లేచింది. వెనక దోపిన చోట గుడ్డ వదిలింది, మళ్లీ బిగిసింది. ఆ వదులు మగపిల్లవాడి నిక్కరులో లేదు. నా గోనెసంచిలో ఉండకూడని చోటంతా ఉంది, ఉండవలసిన చోట లేదు. బల్ల మీద సుద్దతో గీశాను. ఆమె మెట్టెక్కి వంగి చూసింది.

"ఏందది?"

"నీ చీరే."

అదే నీలం గుడ్డలో కొత్త ముక్క తీసుకుని ఆ గీత ప్రకారం కత్తిరించాను. రెండు కాళ్లు వేరువేరు, సందులో నాలుగు పలకల ముక్క, ముందు కుచ్చిళ్లు పడేటట్టు, మోకాలి కింది దాకా. నడుముకు బిగించి కట్టే లాడి. అంచుకు మిషను మీద రెండు వరసల గట్టి కుట్టు. మరునాడు మారక్కే వచ్చి తీసుకుంది. చేతిలో పట్టి అటూ ఇటూ చూసింది.

"మా గోచి మాదిరే ఉండాది. లింగప్పతో నేను మాట్లాడతాలే. నన్ను చూసి ఎవురూ సావల్యా, దాన్ని చూసీ సావరు. నేనూ ధర్మవరం పోతా దాంతో." మెట్టు దిగబోయి ఆగింది. "రెండు మడతలు పెట్టకపోతివే. పెరిగే పిల్ల."

"పెట్టను."

నా అంగడిలో ఆ మాట అనడం అదే మొదలు.

అప్పటికి పందేలకు మూడు రోజులే మిగిలాయి.

పందేల రోజు అంగడి మూసి రైలెక్కాను. నా పని ఎట్లా నడుస్తుందో చూడాలనిపించింది. ధర్మవరం మైదానంలో జనం బాగా ఉన్నారు. వంద గజాల గీత మీద ఏడుగురు పిల్లలు. నలుగురు లంగాలు పైకి దోపుకున్నారు. రైల్వే వాళ్ల పిల్లలట, ఇద్దరు తెల్ల నిక్కర్లు తొడిగారు. వాళ్లను చూసి కుర్రవాళ్లు ఈలలు వేశారు. చౌడక్కను ఎవరూ పట్టించుకోలేదు. నిలబడితే లంగా మాదిరే ఉంది కదా. ఎవరూ పట్టించుకోనందుకు నాకు గర్వం వేసింది.

టీచరమ్మ గీత పక్కన, మారక్క అవతలి కొసన పందెం ముగిసే తాడు దగ్గర కట్టె పట్టుకుని నిలబడ్డారు.

ఈల పడింది. చౌడక్క వంగిన చోటు నుంచి రాయి విసిరినట్టు లేచింది. గుడ్డ చినగలేదు, ఉబ్బలేదు, కాలికి తగల్లేదు. నేను గుడ్డనే చూస్తూ ఉన్నాను. ముప్పై గజాల దగ్గర ఇద్దరు ఆమెను దాటారు. ఎందుకు దాటారో నాకు అర్థం కాలేదు. గుడ్డ సరిగ్గా ఉంది. అప్పుడు చెయ్యి కనబడింది.

ఎడమ చెయ్యి. తొడ పక్కన గుడ్డను పిడికిలితో పట్టుకుని ఉంది. ఎత్తడానికి అక్కడ ఏమీ లేదు. అయినా పట్టుకునే ఉంది. కుడి చెయ్యి ఒక్కటే ఊగుతోంది. మనిషి ఒక పక్కకు ఒరిగి ఉరుకుతోంది.

"చెయ్యి! చెయ్యి!" అని టీచరమ్మ అరుస్తూ పక్కన ఉరికింది.

మారక్క కట్టె ఎత్తింది. "ఇడ్సే పిల్లా, ఇడ్సే! ఆడ ఏమీ ల్యా!"

అరవై గజాల దగ్గర ఆ పిడికిలి ఊడింది. అక్కడి నుంచి ఆ పిల్ల ఉరికిన ఉరుకు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఒకరిని దాటింది. ముందర మిగిలింది తెల్ల నిక్కరు పిల్ల ఒక్కతే. తాడు దగ్గర ఇద్దరి మధ్య జానెడు తేడా. జానెడు కూడా ఉండదు.

రెండోది. అనంతపురం పోయేది ఒక్కరే.

చౌడక్క నేల మీద కూర్చుని ఊపిరి తీసుకుంటోంది. మారక్క వీపు నిమురుతోంది. నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. 

"నేను పట్టుకోల్యా మామా," అన్నది నా వైపు చూసి. "చెయ్యే పోయింది. నాకు తెలీనే తెలీదు."

"ఎన్ని రోజులు తొడిగినావు దీన్ని?" అని అడిగాను.

"మూడు రోజులు."

చిన్నప్పటి నుంచి లంగా పట్టుకున్న చెయ్యి మూడు రోజుల్లో ఎట్లా మరుస్తుంది? టీచరమ్మ తాడు తెచ్చింది నవంబరులో. ఆ రోజే నేను పిల్లను పిలిపించి ఉంటే, ఆమెను నిలబెట్టి టీచరమ్మ చేతికే టేపు ఇచ్చి చూసి ఉంటే, రంగయ్య కొడుకు నిక్కరు జోలికి పోకుండా ఉంటే, ఆ పెద్దమనుషుల మాటకు కుట్టీ విప్పీ చెయ్యకుండా ఉంటే, రెండు నెలలు ఉండేవి. చెయ్యి నేర్చుకునేది. ఇవన్నీ రైల్లో లెక్క వేసుకుంటూ వచ్చాను. ఎదురుగా కూర్చున్న టీచరమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె హాస్టలు వాళ్లకు రెండు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. ఎండాకాలం సెలవులిచ్చారు. లింగప్ప మాట మీద నిలబడ్డాడు.

జూన్‌లో బడి తెరిచాక, ఆటలకు పోయే పిల్లలకు అటువంటివే పన్నెండు కావాలని బడి నుంచి కబురొచ్చింది. పోయినేడు పైజామా అన్న పెద్దమనిషే ఈసారి సరే అన్నాడట. ఒక తల్లి అప్పుడే వచ్చి అడిగింది కూడా. "మడతలు పెట్టప్పా, రెండేండ్లు రావాల." పెట్టనన్నాను. ఆమె గొణుక్కుంటూ పోయింది. టీచరమ్మతో మాత్రం చెప్పాను. "పందెం నాడు తొడిగేది కాదమ్మా ఇది. కుట్టిచ్చిన రోజునుంచే తొడిగించు. చెయ్యికి అలవాటు కావాల." నేను ఆమెతో మాట్లాడిన వాటిల్లో అదే పొడుగు మాట. ఆమె తల ఊపింది. చౌడక్క పేరు ఇద్దరం ఎత్తలేదు.

ఆ వారమే చౌడక్క వచ్చింది. వెనక ముప్పై గొర్రెలు. అవ్వ పాత చీరను గోచిపెట్టి కట్టుకుంది. పొడుగైంది. ఉతికి మడిచిన నీలం బట్ట నా బల్ల మీద పెట్టింది.

"పెట్టుకో మామా. ఆదికి పనికొస్తాది."

"నువ్వు తొడుక్కోరాదా? గొర్రెల ఎనక ఉరికేదానికి బాగుంటాది."

"నాయన తిడ్తాడు," అని నవ్వింది. "గోచి ఐతే ఏమనడు."

బట్టను విప్పి చూశాను. ఎడమ తొడ పక్కన కుట్టు దగ్గర గుడ్డ సాగి ఉంది. పిడికిలి పట్టిన చోటు. ఆ చోటును బొటనవేలితో రుద్ది సాపు చేయబోయాను.

ఇంతలో ఒక గొర్రె మంద విడిచి రంగయ్య అంగడిలో వేలాడే అరటిగెల మీదికి పోయింది. రంగయ్య కేక పెట్టాడు. అది బెదిరి కోట వైపు పరుగెత్తింది. చౌడక్క నా మెట్ల మీద నుంచి ఎగిరి దూకి దాని వెంట పడింది.

రెండు చేతులూ ఊపుతూ ఉరికింది. ఎడమ చెయ్యి ఎక్కడా ఆగలేదు. చీర వైపు పోనే లేదు. రెండు నెలలు గొర్రెల వెంట తిరిగింది కదా, చెయ్యి మరిచిపోయింది. కోట వాకిలి చేరకముందే గొర్రెను పట్టేసింది. ధర్మవరంలో గెలిచిన ఆ తెల్ల నిక్కరు పిల్ల ఇప్పుడు పక్కన ఉరికి ఉంటే ఇరవై గజాలు వెనకబడేది.

"ఏం పిల్లప్పా, గుర్రం మాదిరి!" అన్నాడు రంగయ్య. "దీన్ని పందేలకు పంపియ్యాల్సింది."

నేను లోపలికి వచ్చి, పన్నెండు నిక్కర్లకు సరిపడే నీలం గుడ్డ కింద వేసి, దాని మీద ఆమె ఇచ్చిన ఆది పరిచాను. గీస్తుంటే సుద్ద రెండుసార్లు విరిగింది.